కొండ దారిలో అద్దె బండి

అనకాపల్లిలో కారు నడపడం వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది మా బావ పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. బావ అంటే మా అక్క భర్త. గవరపాలెంలో ఇంటి ముందుగదినే ఆఫీసుగా మార్చి డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. నేర్పే పనిలో ఎంత ఓర్పో, జాగ్రత్తల విషయంలో అంత చాదస్తం. కూరగాయలకి వెళ్ళినా హెల్మెట్ పెట్టుకునేవాడు. వెనక కూర్చునేవాడికి హెల్మెట్ లేకపోతే బండి స్టార్ట్ చేసేవాడు కాదు. ఎండాకాలంలో నేను విసుక్కుంటే, "తల నీదే గానీ, తీసుకెళ్తన్నది నేను కదా బావ," అనేవాడు. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

ఆయనకి జీవితంలో ఒక్కటే సరదా ఉండేది. వియత్నాంలో సముద్రం పక్కన కొండ ఎక్కి దిగే రోడ్డు ఒకటుంది. దాని మీద మోటారు సైకిల్ నడపాలి. ఫోన్లో ఆ వీడియోలు చూసి చూసి, ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో చెప్పేసేవాడు. టికెట్లు చవగ్గా దొరికిన రోజుల్లో నన్ను కూడా బయల్దేరదీశాడు. నేను అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాను. సెలవు దొరికింది. అక్కకి విమానం అంటే భయం. "మీరెల్లి రండి, స్కూటీ క్లాసులు నేను సూసుకుంటాను," అంది.

వెళ్ళేముందు బావ చేయాల్సినవన్నీ చేశాడు. రవాణా ఆఫీసుకి వెళ్ళి విదేశాల్లో బండి నడపడానికి ఇచ్చే పర్మిట్టు తీసుకున్నాడు. ఇద్దరికీ ప్రయాణపు బీమా కట్టాడు. ఆ బీమా కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి అడిగాడు.

"అక్కడ బైకు అద్దెకి తీసుకుంటామండి. పడితే ఆసుపత్రి ఖర్చులు వత్తాయా?"

"చెల్లుబాటయ్యే లైసెన్సు, హెల్మెట్ ఉంటే కవర్ అవుతుంది సర్," అంది అవతలి అమ్మాయి.

"రెండూ ఉన్నాయండి," అన్నాడు బావ. తృప్తిగా నా వైపు చూశాడు.

అక్కడ బండి అద్దెకిచ్చింది ఒక నడివయసు ఆవిడ. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు, మాకు వచ్చిన ఇంగ్లీషు దాదాపు సమానం. డిపాజిట్టుగా పాస్‌పోర్టు అడిగింది. బావ ఇవ్వలేదు. దాని కాపీ, కొంత నగదు ఇచ్చి ఒప్పించాడు. ఆవిడ తెచ్చిన హెల్మెట్లు కొబ్బరి చిప్పల్లా పల్చగా ఉన్నాయి. గెడ్డం దాకా వచ్చేవి కావాలని సైగలు చేసి, అవి వెతికించే దాకా కదల్లేదు. బండి చుట్టూ తిరిగి ప్రతి గీతకీ ఫోటో తీశాడు. బ్రేకులు నొక్కి చూశాడు, టైర్లు వేలితో తడిమాడు. ఆవిడకి నవ్వొచ్చింది. "నువ్వు పోలీసా?" అంది. "టీచర్," అన్నాడు బావ. మాడుగుల నుంచి తెచ్చిన హల్వా పొట్లం ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ దేశంలో బళ్ళు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి. అలవాటయ్యేదాకా ఖాళీ సందుల్లో తిప్పి తిప్పి, నాకు విసుగొచ్చిన తర్వాత గానీ కొండ దారి పట్టలేదు.

ఎక్కేటప్పుడు ఎండగా ఉంది. పైన ఆగి చెరకు రసం తాగాం. మన ఊళ్ళో లాగే మిషన్లో తిప్పి ఇచ్చారు. బావ సముద్రం కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత, "మీ అక్కని ఎలాగైనా తేవాలి బావ. మత్తు మాత్రేసైనా విమానం ఎక్కించీయాల," అన్నాడు. ఆ రోజు ఆయన మొహం ఎలా ఉందో నాకు బాగా గుర్తుంది. గుర్తు లేకపోతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

దిగేటప్పుడు జల్లు మొదలైంది. బావ వేగం బాగా తగ్గించాడు. మమ్మల్ని దాటి వెళ్ళే బళ్ళవాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత నెమ్మదిగా వెళ్తున్నాం. ఒక మలుపులో రోడ్డు మీద ఏదో లారీ నుంచి కారిన నూనె ఉంది. నీళ్ళ మీద రంగులు కనిపించాయి. బావ కూడా చూసినట్టున్నాడు, "ఉండుండు," అన్నాడు. అంతలోనే ముందు చక్రం జారింది. నేను వెనక్కి పడి గడ్డిలోకి దొర్లాను. మోచేతులు చీరుకుపోయాయి, అంతే. బావ కుడి భుజం మీద పడి, రోడ్డు అంచున ఉన్న సిమెంటు దిమ్మకి వెళ్ళి కొట్టుకున్నాడు. హెల్మెట్ పగిలింది గానీ తలకి ఏమీ కాలేదు.

నేను పరిగెత్తుకెళ్ళేసరికి స్పృహలోనే ఉన్నాడు.

"నీకేటీ అవ్వనేదు కదా బావ?"

"నేదు. నువ్వు కదలకు."

"నా కుడి సెయ్యేదీ? సూడు, ఎక్కడుందో సూడు."

చెయ్యి ఆయన పక్కనే ఉంది. నేను పట్టుకునే ఉన్నాను. ఆ మాటే చెప్పాను. ఆయన నా మొహం కేసి చూశాడు, నేను అబద్ధం చెబుతున్నానేమో అన్నట్టు.

ఆసుపత్రి నుంచి బీమా కంపెనీకి ఫోన్ చేశాను. కాగితాలన్నీ పంపమన్నారు, పంపాను. రెండు రోజులు ఏ కబురూ లేదు. తర్వాత ఒకతను ఫోన్ చేసి చాలా మర్యాదగా చెప్పాడు. పర్మిట్లలో రెండు రకాలున్నాయట. దేశాలు వేరు వేరు ఒప్పందాల కింద వాటిని ఇస్తాయట. మన దగ్గర ఇచ్చే రకాన్ని వియత్నాం ఒప్పుకోదట. కాబట్టి మా బావ అక్కడ లైసెన్సు లేకుండా బండి నడిపినట్టే లెక్క.

"ఆయన డ్రైవింగ్ నేర్పే మనిషండీ," అన్నాను.

"అర్థమైంది సర్. కానీ ఆ దేశంలో చెల్లే లైసెన్సు ఉండాలి."

"హెల్మెట్ ఉంది. పర్మిట్టు ఉంది. మీకు ఫోన్ చేసి అడిగాం కూడా."

"చెల్లుబాటయ్యే లైసెన్సు అనే చెప్పి ఉంటారు సర్."

అలాగే చెప్పారు. మేమే విన్నాం.

అద్దె బండి మీద ఉన్న బీమా మేము ఎవరినైనా గుద్దితే వాళ్ళకి పనికొచ్చేది, మాకు కాదు. బండి ఇచ్చిన ఆవిడ మాత్రం గిన్నెలో జావ పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. బండి మాట ఎత్తలేదు. బావ మంచం పక్కన కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకి చూపించాం. మెడ దగ్గర వెన్నులోంచి చేతికి వచ్చే నరాలు కుదుళ్ళతో సహా ఊడిపోయాయన్నాడు. వేరే చోటి నరం తెచ్చి కలపొచ్చు, కానీ ఆలస్యమైతే కండరం చచ్చిపోతుంది, కొద్ది నెలల్లోపే చేయాలన్నాడు. అక్క వంటి మీద ఉన్న బంగారమంతా వియత్నాం ఆసుపత్రికే పోయింది. కంపెనీకి అప్పీలు పెట్టాం. పరిశీలిస్తున్నామన్నారు. మళ్ళీ కాగితాలు అడిగారు. ఇవాళో రేపో ఒప్పుకుంటారన్న ఆశతో కొన్నాళ్ళు పోయాయి. ఆ కొన్నాళ్ళే ఆపరేషన్‌కి కావాల్సిన కాలం. చివరికి రెండు కార్లలో ఒకటి అమ్మి ఆపరేషన్ చేయించాం. డాక్టరు చేయడానికి ఒప్పుకుంటూనే, "ఇంకాస్త ముందు వచ్చి ఉంటే..." అని ఆపేశాడు. ఏడాది చూడమన్నాడు. చూశాం. చూపుడు వేలు కూడా కదల్లేదు.

అప్పీలు కొట్టేశారు. దాని పైన ఫిర్యాదు పెట్టాం, అదీ కొట్టేశారు. నియమం ప్రకారం వాళ్ళదే సరైనదని ఒక లాయరు కూడా చెప్పాడు.

మిగిలిన కారుతో బావ మళ్ళీ నేర్పడానికి ప్రయత్నించాడు. నేర్చుకునేవాళ్ళు కుడిపక్క స్టీరింగు దగ్గర కూర్చుంటే, నేర్పేవాడు ఎడమ సీట్లో కూర్చుంటాడు. కాళ్ళ కింద ఇంకో బ్రేకు ఉంటుంది. స్టీరింగు అందుకోవడానికి మాత్రం కుడి చెయ్యి కావాలి. బ్రేకుతోనే నెట్టుకొద్దామనుకున్నాడు. ఆ రోజు నేను వెనక సీట్లో ఉన్నాను. నేర్చుకుంటున్న ఆవిడ కొత్తూరు దాటాక ఎదురుగా బస్సు రావడం చూసి, బెదిరి అటువైపే తిప్పేసింది. బావ బ్రేకు తొక్కాడు. కారు అడ్డంగా ఆగింది. బస్సు మా కారు పక్క అద్దాన్ని రాసుకుంటూ పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బావ కుడి భుజం మాత్రం స్టీరింగు వైపు ముందుకొచ్చి ఆగిపోయి ఉంది. చెయ్యి ఒళ్ళోనే ఉంది.

ఆయన కిందకి దిగాడు. ఆవిడతో, "మీ తప్పేం నేదమ్మా," అన్నాడు. ఆ తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. స్కూలు బోర్డు మర్నాడు అక్కే దింపింది.

స్పర్శ లేని ఆ చేతిలో నొప్పి మాత్రం ఉంది. మరుగుతున్న పాకంలో వేళ్ళు ముంచినట్టు ఉంటుందట. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో పళ్ళు బిగించి ఆగిపోతాడు. మేము చూడనట్టు ఉంటాం. మాత్రలు ఎన్ని మార్చినా నిద్ర వస్తుంది గానీ నొప్పి పోదు. అక్క ఇప్పుడు ఇంట్లోనే జాకెట్లు కుడుతోంది. మిషను చప్పుడు ఆగితే ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండదు.

పోయిన నెల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. బావ కుర్చీలో కూర్చుంటూనే అన్నాడు.

"ఈ సెయ్యి తీసీండి డాక్టరుగారూ."

డాక్టరు వివరంగా చెప్పాడు. "తీసేస్తే బరువు తగ్గుతుంది. నొప్పి తగ్గదు. అది చేతిలో లేదండి, వెన్నులో ఉంది. చెయ్యి లేకపోయినా అలాగే ఉంటుంది."

"అయితే మరి ఏటి సేద్దాం?"

"మందులు వాడుతూ ఉండాలి."

బావ తలూపాడు. పాఠం అర్థమైందని ఒప్పుకునేవాడిలా, చాలా బుద్ధిగా.

తిరుగు ప్రయాణంలో బస్సు కిక్కిరిసిపోయి ఉంది. మా ఇద్దరికీ ఒక సీట్లో చోటు దొరికింది, నేను కిటికీ పక్కన, బావ ఇవతల. లంకెలపాలెం దగ్గర ఒకామె సంచులతో ఎక్కి పక్కన నిలబడింది. బస్సు కుదుపులకి బావ చెయ్యి జారి, సీటు బయటికి వేలాడి ఆమె నడుముకి తగిలింది.

"ఏటండీ ఆ సెయ్యి, కాసింత అటు పెట్టుకోండి," అందామె చిరాగ్గా.

బావ కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. వినిపించిందో లేదో తెలియదు. నేను ఆయన మీదుగా వంగి, ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టాను. చల్లగా ఉంది. దాన్ని మళ్ళీ జారకుండా అనకాపల్లి వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.