తపేలా మీద వదిలిన చోటు

ఇద్దరి సంసారానికి ఎంత గిన్నె కావాలన్నది లెక్క తెలిసినవాడికి చిక్కు ప్రశ్న కాదు. నాకు లెక్క తెలుసుననే అనుకునేవాణ్ణి. 1974 జూన్‌లో, పెళ్లయిన మూడో వారం, నర్సీపట్నం బజారులోని ఇత్తడి సామాన్ల కొట్టుకు నా భార్యను తీసుకువెళ్లి, రెండు తవ్వల బియ్యం ఉడికే తపేలా ఎంచాను. మా ఇద్దరికీ పూటకు సోలెడు బియ్యం చాలు. అంటే తపేలాలో నాలుగో వంతు. మిగిలిన మూడు వంతులూ పుట్టబోయేవారివి.

గిన్నె కొంటే పేరు చెక్కించడం మా వైపు ఆనవాయితీ. కొట్టు అరుగు మీద ఉలీ సుత్తీ పెట్టుకుని కూర్చున్న ముసలాయనకు, ఆమె పేరు చెక్కి దాని కింద అంగుళం చోటు వదలమని చెప్పాను.

"సోటెందుకు బాబూ?"

"పిల్లల పేర్లకు."

"అంగుళం ఏ మూలకి? ఒక్కరితోటే ఆపేత్తారేటి? రెండంగుళాలు ఒగ్గేత్తాను, ఉండండి. ఏటమ్మా, సాల్దా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

1977లో ఒకసారి, 1979లో మరోసారి కడుపు నిలవలేదు. ఆ తేదీలు నా డైరీలో ఉన్నాయి; ఇక్కడ ఎత్తి రాయడానికి చెయ్యి రాదు. ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆమె విన్నది. నేను వినలేదు.

పెద్ద తపేలాలో కొద్ది బియ్యం పోస్తే ఎసరు పలచగా పరుచుకుంటుంది; వేలి కణుపుతో కొలవడానికి లోతు మిగలదు. గంజి వార్చేలోపే అన్నం అడుగంటుతుంది. 1981లో ఒక నెలలో తొమ్మిదిసార్లు మాడిందని డైరీలో రాసుకోవడమే కాక, ఆ సంగతి ఆమెకు చదివి కూడా వినిపించాను.

"సిన్న తపేలా ఒకటి కొందావండీ. ఇందులో మనిద్దరి అన్నం ఎలా వండినా మాడిపోతంది."

"రేపు పెద్దదే కావాలి కదా. మళ్లీ ఇంకొకటి ఎందుకు?"

ఆ ఏడాదిలో మరో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే జవాబు చెప్పాను.

1982 వానాకాలంలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి పొయ్యి మీద చిన్న తపేలా ఉంది.

"ఎక్కడిది?"

"బజారుకెళ్లి తెచ్చేను. సోలెడికి సరిగ్గా సరిపోద్ది. పేరు ఆ ముసలాయనే సెక్కేడు. కింద సోటు ఒగ్గీమంటావేటమ్మా అని అడిగేడు."

"నువ్వేమన్నావు?"

"అక్కర్లేదు తాతా అన్నాను." గరిటెతో ఒక మెతుకు తీసి, పట్టి చూసింది. "ఆ మాట మీరు అనలేరని నేనే ఎల్లేనండీ."

అన్నం పొడిపొడిగా దిగింది. అడుగున ఒక్క మెతుకూ మాడలేదు. ఇద్దరం కూర్చుని తిన్నాం.

తిన్నాక పెద్ద తపేలాను నేనే తోమాను. ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. చింతపండు రుద్దుతుంటే ఆమె పేరు గరుకుగా, దాని కింద రెండంగుళాలు నున్నగా వేళ్లకు తగిలాయి. పీట ఎక్కి, దాన్ని అటక మీద బోర్లించి, పేరున్న వైపు గోడకు తిప్పాను. నేను దిగేవరకూ ఆమె పీట పట్టుకునే ఉంది.