రాడ్డు వెంకటప్ప చెవులు

ముప్పై నాలుగేళ్లుగా లారీ నడుపుతున్నాను. గోరంట్లలో వెంకటప్ప అంటే ఎవరికీ తెలియదు, ‘రాడ్డు వెంకటప్ప’ అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆ పేరు నేనే పెట్టుకుని నేనే ప్రచారం చేసుకున్నానని ముందే ఒప్పేసుకుంటున్నా.

బండి కదిలే ముందు టైర్లను ఇనుప రాడ్డుతో కొట్టి చూడడం మా డ్రైవర్ల అలవాటు. గాలి సరిగ్గా ఉంటే ఖంగుమంటుంది, తగ్గితే దబ్బుమంటుంది. అనుమానం వస్తే మిగతావాళ్లు గాలి కొలిచే గేజీ పెట్టి చూసుకుంటారు. నేను గేజీని ముట్టను. దేవుడిచ్చిన చెవులుండగా కొనుక్కున్న మీటరెందుకని కొత్త డ్రైవర్లకు అరగంట ఉపన్యాసం కూడా ఇచ్చేవాణ్ణి, టీ ఖర్చు వాళ్లదే.

రెండేళ్లుగా ఏ టైరు కొట్టినా దబ్బుమంటోంది. ఈ కాలం రబ్బరులో సత్తువ లేదని తేల్చేసి, ఖంగుమనే దాకా గాలి కొట్టిస్తూ వచ్చాను. అదేం విచిత్రమో, ఆ రోజుల్లోనే మా ఆవిడ నల్లమ్మ కూడా మెత్తబడింది. ఒకప్పుడు వీధి చివరికి వినపడేలా తిట్టే మనిషి, ఇప్పుడు పెదవులు కదుపుతుందే కానీ గోల లేదు. వయసుతో బుద్ధి వచ్చిందని కదిరి నరసింహస్వామికి కొబ్బరికాయ కూడా కొట్టాను.

మొన్న మే నెలలో ఇరవై రెండు టైర్ల ట్రైలర్ మీద గాలిమర స్తంభం వేసుకుని, శింగనమల దాటి కొండెక్కించాల్సి వచ్చింది. దారిలో సువార్త పంచర్ షాపు దగ్గర ఆగాను. వాళ్ల నాయన పోయాక షాపు తనే నడుపుతోంది. వెనక టైర్లు మెత్తగా ఉన్నాయి, ఇంకో పదిహేను పాయింట్లు ఎక్కించమన్నాను. ఆమె వంగి టైరును అరచేత్తో తడిమింది. నేను వద్దంటున్నా గేజీ పెట్టింది. తర్వాత నా మొహంలోకి చూస్తూ, షాపు మోతకు అలవాటైన గొంతుతో అరిచినట్టే చెప్పింది.

“నూట ఇరవై ఉండాల్సిన చోట నూట నలభై ఎనిమిది ఉండాదన్నా. నడిమధ్యన అరిగిపోయినాది, అంచులు కొత్తగా ఉండాయి. ఇంకా కొడితే ఈ ఎండకు కొండమీద పగుల్తాది. ఎనకాల వచ్చేటోళ్లు ఏమైతారు?”

గేజీ చెడిపోయిందన్నాను. నన్ను అటు తిరిగి నిలబడమని, రాడ్డుతో నా టైరునొకసారి, గాలి తీసేసిన పాత టైరునొకసారి కొట్టింది. రెండూ మెత్తనే అని గర్వంగా చెప్పాను. ఎంతకీ జవాబు లేకపోతే వెనక్కి తిరిగాను. అప్పటికి మూడుసార్లు పిలిచిందట.

“టైర్లకేం కాలేదన్నా. నీ చెవులు చూపించుకో.”

స్టీరింగ్ తప్ప నాకు వేరే బతుకు తెలియదు. అంతకంటే ఎక్కువ భయపెట్టింది ఇంకోటి: ఈ రెండేళ్లలో నా వెనక హారన్ కొట్టిన వాళ్లు ఎంతమందో.

సువార్త గాలి తీసి అన్నింటినీ నూట ఇరవైకి తెచ్చింది. నేను ఓనరుకు ఫోన్ చేసి, కొండకు ఇంకో డ్రైవర్‌ను పంపమని, ఎందుకో కూడా చెప్పి పెట్టేశాను. ఏమన్నాడో వినలేదు, విన్నా వినపడేది కాదు. తర్వాత నల్లమ్మకు చేసి, అనంతపురంలో చెవుల డాక్టరు దగ్గరికి పోతున్నానన్నాను. అవతల ఏదో అంటోంది. ఫోను సువార్తకిచ్చి ఏమంటోందని అడిగాను.

సువార్త నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది.

“చెవుల డాక్టరు దగ్గరికి పా, పా అని రెండేండ్లనించీ మొత్తుకుంటానే ఉండానంటాంది.”