మంజులత్త కొట్టంలో నాలుగో భాష

మా పక్కింటి మంజులత్త ఏ జీవినైనా దాని పుట్టింటి భాషలోనే పలకరిస్తుంది. ఇంకో భాషలో పిలిస్తే దానికి మర్యాద తగ్గుతుందని ఆమె నమ్మకం.

తమిళనాడులో, హోసూరు దగ్గరి మా అత్తిముగంలో వాళ్ళ కొట్టంలోకి పొద్దున్నే పోతే మూడు రాష్ట్రాలు తిరిగొచ్చినట్టుంటుంది. గౌరి ఆవు అవ్వ ఎప్పుడో మాలూరు నుంచి వచ్చింది కాబట్టి గౌరితో కన్నడం: "బారే గౌరీ, నీరు కుడి!" అంటే రావే, నీళ్ళు తాగు అని. మత్తూరు సంతలో కొన్న మేకలతో తమిళం: "ఇంగ వాంగడి!" అంటే ఇటు రండే అని. ఇంట్లోనే పొదిగిన కోళ్ళకు మాత్రం తెలుగు. నీళ్ళ మోటారు కోయంబత్తూరుది. ఒకరోజు అది మొరాయిస్తే శ్రీరామప్ప మామ తెలుగులో తిట్టాడు. కదల్లేదు. అత్త వచ్చి తమిళంలో రెండు మాటలు అనగానే గుర్రుమని తిరిగింది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చిందని మామ ఈనాటికీ వాదిస్తాడు.

గౌరికి పెయ్యదూడ పుట్టాక అసలు చిక్కు వచ్చింది.

"దీని తండ్రి సూదిలో వచ్చినాడు. ఆ సూది ఏ ఊరిదని అడిగితే డాక్టరు నవ్వేసి పోయినాడు. ఇప్పుడు దీన్ని ఏ బాసలో పిలిచేది?" అంది అత్త.

"తల్లిది కన్నడమే కదా, కన్నడంలోనే పిలువు" అన్నాడు మామ.

"మన పిల్లోళ్ళు నా బాస మాట్లాడ్తారా, నీ బాస మాట్లాడ్తారా?"

మామ మజ్జిగ చెంబు ఎత్తుకున్నాడు. నా బాస, నీ బాస అని అత్త ఎందుకు విడదీసిందో నాకు అప్పుడు తెలియలేదు. తప్పు భాష అలవాటైతే మళ్ళీ మార్చలేమని అత్త రెండు నెలలు దూడతో ఒక్క మాటా మాట్లాడలేదు. "ట్చ్, ట్చ్" అనేది, అంతే.

అప్పుడే వాళ్ళ ముందు గదిలోకి జగిత్యాల నుంచి ఉపేంద్ర, అమృత బాడుగకు దిగారు. అతను తెల్లవారగానే హోసూరు ఫ్యాక్టరీకి పోయేవాడు. అమృత మొదట్లో బాగానే మాట్లాడింది.

"అక్కా, నల్లా ఎప్పుడొస్తది?"

మా వీధి ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "సాయంత్రం వస్తాదిమ్మా, కొడం ఎత్తుకోని జల్దిగా రా!"

కొడం అంటే బిందె అని ఆమెకెలా తెలుస్తుంది? ఇది తెలుగేనా అని ఆమె చూసింది, అది తెలుగేనా అని వీళ్ళు నవ్వారు. వారం తిరిగేసరికి అమృత మాట్లాడటం మానేసింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేనూ అంతంతమాత్రమే మాట్లాడతాను కాబట్టి, ఆ మౌనం నాకు బాగా తెలిసిందే.

ఒక శుక్రవారం గోడ అవతల ఆమె ఫోన్ మాట వినబడింది. "నాతోటి మాట్లాడెటోళ్ళు ఒక్కలు లేరమ్మా. ఆదివారం బస్సెక్కుత. ఆయన రాకున్నా మంచిదే."

నేను పరుగున పోయి మంజులత్తకు చెప్పాను. ఆ వారంలో నేను మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

ఆ సాయంత్రం అత్త బస్టాపులో ఉపేంద్రకు అడ్డం నిలబడింది. అతను బెదిరిపోయాడు.

"మీ ఊర్లో దూడను ఎట్ల పిలుస్తారప్పా? మనిషిని ఎట్ల పలకరిస్తారు? చెప్పు, ఈ పిల్ల రాసుకుంటాది."

బడిలో నేర్చింది తమిళ అక్షరాలే కాబట్టి అతని తెలుగును నేను వాటితోనే రాసుకున్నాను. అత్తకు ఆ అక్షరాలూ రావు. పది సార్లు చదివి వినిపించాను.

శనివారం పొద్దున అత్త దూడను నడిపించుకుంటూ పోయి అమృత తలుపు కొట్టింది.

"ఏం బిడ్డాఆ, తిన్నవాఆ?"

ఆ రాగానికి అమృత నవ్వు ఆపుకోలేకపోయింది. అత్త మొహం మాత్రం మహా గంభీరంగా ఉంది.

"దీని తండ్రి మీ జగిత్యాల పక్కోడే అని డాక్టరు చెప్పినాడమ్మా. మాకు మీ బాస రాదు. నువ్వు పోతే ఇది మూగదైపోతాది."

అమృత గడపలో కూర్చుని చేయి చాచింది. "దా బిడ్డ, దా." రెండు నెలలు ట్చ్ తప్ప వినని దూడ చెవులు రిక్కించి, పోయి ఆమె కొంగు నోట్లో పెట్టుకుంది.

"ఒక్క నెల చూస్త" అంది అమృత.

తిరిగొస్తూ అడిగాను. "డాక్టరు నిజంగా చెప్పినాడా అత్తా?"

"యాడ చెప్పినాడు! నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు ఒగ ముక్క తెలుగు రాదే. వీధంతా నవ్వినారు. మీ మామ మాలూరికి పోయి, మా పుట్టింటి పక్కన గౌరి అవ్వను కొని తోలుకొచ్చి కట్టేసినాడు. ఆరు నెల్లు దాంతోనే కన్నడం మాట్లాడినాను."

ఆ నెల గడిచి ఏడాదయింది. అమృత ఫోన్లో "యాడికి పోయినావమ్మా?" అంటే వాళ్ళమ్మ "గదేం తెలుగే!" అని గొణుగుతుందట. మా వీధిలో ఎవరు ఏం చెప్పినా "గట్లనే" అంటున్నారు. దూడ మాత్రం ఇంకే భాషకూ లొంగదు.

నిన్న అది తాడు తెంచుకుని టమోటా తోటలో పడింది. మామ దాని వెనక పరిగెత్తుతూ, "దా... దా... తర్వాత ఏమే?" అని అరుస్తున్నాడు. అత్తా లేదు, అమృతా లేదు.

నేను గోడెక్కి, వీధంతా వినేలా అరిచాను. "దా బిడ్డ, దా!"

దూడ వచ్చింది. దాని వెనకాలే మామ కూడా.