వెనక్కి పోకూడని బండి

మా అపార్ట్‌మెంటు మెట్లు కట్టినవాడి మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. రెండో అంతస్తు మలుపు దగ్గర ముగ్గురు కూర్చునే సోఫా తిరగదు. నిలబెట్టి చూశాం, పడుకోబెట్టి చూశాం, కాళ్ళు ఊడదీసి చూశాం. గోడను కాస్త జరగమని అడగడం ఒక్కటే మిగిలింది. ఆ సోఫా ఇప్పుడు కింద వాచ్‌మన్ దగ్గర ఉంది. అతను దాని మీద పడుకుని మా ఇళ్ళకు కాపలా కాస్తున్నాడు. మేం పైన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని అతనికి నిద్రాభంగం కాకూడదని కోరుకుంటున్నాం.

పొడుగు వస్తువులతో ఇదే చిక్కు. కొనేటప్పుడు పొడుగు కనిపిస్తుంది గాని మలుపు కనిపించదు. ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. కరోనా రెండో ఏడు, సూరత్‌లోని ఉధ్నాలో, మా మరదలి పెళ్ళికి నేనూ వెళ్ళాను మరి.

మరదలంటే మా మేనమామ కూతురు. మామ మరమగ్గాల షెడ్డులో మాస్టర్. చదువు చెప్పే మాస్టర్ కాదు, మొరాయించిన మగ్గాన్ని దారికి తెచ్చే మాస్టర్. ఆయన షెడ్డు సేటు ఎప్పుడో కొత్త కారు కొనుక్కుని పాత అంబాసిడర్‌ను ఈయనకు అంటగట్టాడు. సేటు దృష్టిలో అది వదిలించుకోవడం, మామ దృష్టిలో కన్యాదానం. తెల్ల బండి, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, ముందు కూడా బెంచీ లాంటి ఒకటే సీటు. షెడ్డులో ఒక మూల దానికి చోటు దొరికింది. మగ్గం మీంచి దిగిన గుడ్డలో పనికిరాని ముక్కలతో మామ దాన్ని రోజూ తుడిచేవాడు. ఇంట్లో అద్దానికి మాత్రం ఆ భాగ్యం పండగ పూటే.

నా చిన్నప్పుడు ఉధ్నాలో మన తెలుగువాళ్ళ పెళ్ళి అంటే ఆ బండే. పిల్లలం పెళ్ళికూతురి కంటే ముందు ఎక్కి కూర్చునేవాళ్ళం, దింపేవాళ్ళు వచ్చేదాకా. వేడెక్కిన రెక్సిన్ వాసన, దానిలో కలిసిపోయిన బంతిపూల వాసన, అడుగున ఎక్కడో పెట్రోలు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఈ మూడూ కలిసి తగిలితే నాకు భోజనాలు వడ్డిస్తున్నారేమో అనిపిస్తుంది. ముందు తలుపుకు మూలన ముక్కోణపు అద్దం ఒకటి ఉండేది. దాన్ని తిప్పితే గాలి సూటిగా మొహానికి కొట్టేది. పొలమో మేడో ఏదో ఒకటి వారసత్వంగా వస్తుందని జనం ఎదురుచూస్తారు. నేను ఆ అద్దం పక్కన చోటు కోసం ఎదురుచూశాను.

మావాళ్ళలో ఒక పట్టింపు ఉంది. కొత్త జంట ఎక్కిన బండి వెనక్కి నడవకూడదు. ఎందుకని అడిగితే, "ఎనుకకు పోవుడేంది, మంచిగుంటదా?" అంటారు. ఇంతకంటే గట్టి తర్కం నాకు కాలేజీలో కూడా తగల్లేదు. అందుకే మామ ప్రతి పెళ్ళికీ ముందు రోజే ఆ గల్లీ అంతా నడిచి చూసుకునేవాడు. తాళి కట్టక ముందే బండిని తిప్పి, ముక్కు బయటికి పెట్టి నిలిపేవాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్ళి లేని రోజుల్లో కూడా షెడ్డులో బండి ముక్కు వాకిలి వైపే ఉండేది.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. అప్పటిదాకా ఉధ్నాలో అందరం అరిచి మాట్లాడుకునేవాళ్ళం, ఆ చప్పుడులో ఇంకో దారి లేదు. ఇప్పుడు మామూలు మాట కూడా పక్కింటికి వినిపించడం మొదలైంది. కొన్ని సంసారాలకు ఇది మేలు చేయలేదు. పనివాళ్ళు రైళ్ళు వదిలినప్పుడు రైళ్ళలో, వదలక ముందు దొరికిన దానిలో ఊళ్ళకు వెళ్ళిపోయారు. మామ వెళ్ళలేదు. షెడ్డుకు ఎవరో ఒకరు ఉండాలన్నాడు. షెడ్డు అంటే ఏమిటో మా అందరికీ తెలుసు.

సాయంత్రాలు నేనూ అక్కడికే పోయేవాణ్ని. మామ స్టీరింగు దగ్గర, నేను వెనక సీట్లో ఆ చివరన. ఆరడుగుల దూరం ఉండాలని టీవీలో పొద్దస్తమానం చెప్పేవాళ్ళు. మేం టేపు పెట్టి కొలవలేదు, అంబాసిడర్‌ను నమ్మాం. ఇంజను వేసేవాళ్ళం కాదు. పెట్రోలు దండగ, పైగా పోనీయడానికి దేశంలో రోడ్డు తెరిచిలేదు.

"ఎటు పోదాం అల్లుడా?" అనేవాడు మామ, మాస్కు గడ్డం కిందికి జారుస్తూ.

"ఊరికి పో మామా."

"గంత దూరమా? సరే, అద్దం తిప్పుకో." కాసేపు స్టీరింగు అటూ ఇటూ తిప్పేవాడు. "సోన్‌గఢ్ దాటినం... గిదో, నవాపూర్ ఘాటు. జర చెవులు దిమ్మెక్కుతయ్, గుటక మింగు."

నేను గుటక మింగేవాణ్ని. ధూలే దగ్గర చాయ్‌కి ఆపేవాడు. అప్పుడు నిజంగానే అత్త ఫ్లాస్కులో చాయ్ పంపి ఉండేది. మేమెప్పుడూ సొంత ఊరు చేరలేదు. ధూలే దాటాక చీకటి పడేది, ఇంటికి పొమ్మని పోలీసు ఈల వినిపించేది. ఆ తర్వాత నేను నిజంగా చాలా దూరాలు తిరిగాను గాని, ఏ ప్రయాణమూ అంత బాగా సాగలేదు.

మగ్గాలు మళ్ళీ మొదలయ్యాక సేటు కొత్త వాటర్‌జెట్ మగ్గాలు తెప్పిస్తున్నానన్నాడు. వాటికి చోటు కావాలి. అంబాసిడర్ ఉన్న మూల కూడా కావాలి. మామ ఉండేది అద్దెకు తీసుకున్న ఒక గది. గల్లీలో స్కూటరు నిలిపితేనే తగువు. భంగార్ వాళ్ళు, అంటే పాత ఇనుము కొనేవాళ్ళు, రెండుసార్లు వచ్చి బండి చుట్టూ తిరిగి చూసి పోయారు. ఆ రెండుసార్లూ మామ అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు దిగాడు భాయ్. ఆయన మనవాడే. సూరత్‌లో పుట్టి పెరిగి, పెళ్ళిళ్ళకు బ్యాండు మేళం నడిపేవాడు. లాక్‌డౌన్‌కు కాస్త ముందు ఆయన ఒక లిమోజిన్ చేయించాడు. ఏదో పాత కారును నడుముకు కోసి, మధ్యలో రేకు పెట్టి సాగదీసి, మళ్ళీ అతికించారు. లోపల నీలం లైట్లు, గోడవారగా పొడుగు సీటు, డ్రైవరుకు వెనక జరిపే అద్దం. పదిమంది పడతారు. సరిగ్గా అది తయారయ్యే వేళకు కారులో ఎక్కువమంది ఎక్కకూడదని సర్కారు చెప్పింది. భాయ్ అదృష్టం మీద నాకెప్పుడూ గౌరవమే.

దానికి ఇంకొన్ని చిన్న ఇబ్బందులు ఉండేవి. స్పీడ్‌బ్రేకరు వస్తే కడుపు తగులుతుంది గనక జనం దిగి, అది దాటాక మళ్ళీ ఎక్కాలి. ఏసీ చల్లదనం డ్రైవరు దాకా వచ్చి అక్కడే స్థిరపడేది. వెనక కూర్చునేవాళ్ళకు తలుపులు తోక దగ్గర మాత్రమే ఉండేవి, లోపలివాడు దిగాలంటే అందరూ దిగాలి. ఇక ఆర్టీఓ కాగితాల సంగతి ఎత్తకపోవడం దాని ఆరోగ్యానికి మంచిది.

అంబాసిడర్‌తో రెండో లిమోజిన్ చేయాలని భాయ్ ఆలోచన. "నడుమ కోసి, జర పొడుగు చేసి, మళ్ల అతికిస్తం మాస్టర్. భంగార్‌ల పడకుంట బండి బతుకుతది."

"నడుమ కోసినంక బతుకుడేందిరా?" అన్నాడు మామ.

అయినా ఒప్పుకున్నాడు. బిడ్డ పెళ్ళి కాగానే తీసుకుపొమ్మన్నాడు. ఆ సంతోషంలో భాయ్, పెళ్ళికి తన పొడుగు కారు ఉచితంగా పంపుతానన్నాడు. పక్కనే ఉన్ అనే పేటలో ఉండే మగపెళ్ళివారు ఫొటో చూసి మురిసిపోయారు. అత్త ఇంకా ఎక్కువ మురిసింది. "మీ మామ కారుల ఊరంత పోయింది. నా బిడ్డ పొడుగు కారుల పోతది," అంది నాతో. మామ మాత్రం పెళ్ళినాడు పొద్దున్నే షెడ్డుకు పోయి అంబాసిడర్‌ను తుడిచాడు. ఎందుకని అడిగితే, ఊరికే అన్నాడు.

పెళ్ళి గల్లీలోనే, ఇంటి ముందు పందిట్లో. యాభై మందికే అనుమతి. మనవాళ్ళు లెక్కకు కట్టుబడి యాభై మందిని పిలిచారు, వాళ్ళ ఇంటివాళ్ళను విడిగా పిలిచారు. భాయ్ లెక్క కూడా బాగుంది. గల్లీకి ఈ కొస నుంచి లోపలికి రావాలి, ఆ కొస నుంచి బయటికి పోవాలి. తిప్పే పని లేదు, వెనక్కి నడిపే పని లేదు. కాని మేం తలంబ్రాల సందడిలో ఉండగా ఆ కొసన ఒక ఇంట్లో కరోనా బయటపడింది. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి, దారికి అడ్డంగా వెదురు బొంగులు కట్టి వెళ్ళిపోయారు. పాపం, వాళ్ళు చప్పుడు చేయకుండానే కట్టారు, పెళ్ళి జరుగుతోంది కదా.

అప్పగింతలు అయ్యాయి. అందరూ ఏడవాల్సినంత ఏడ్చారు. జంట, పెళ్ళికొడుకు నాయనమ్మ కారెక్కారు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. కారు హుందాగా బయలుదేరి, వెదురు బొంగుల దాకా హుందాగా పోయి, ఆగింది.

"రివర్స్ తీస్త," అన్నాడు భాయ్, డ్రైవరు సీట్లోంచి.

"ఎనుకకు నడిపినవో, నేను దిగి అడ్డం పంటా," అంది నాయనమ్మ లోపల్నుంచి. ఆవిడ దిగాలంటే జంట కూడా దిగాలి. అయినా ఆ బెదిరింపును తేలిగ్గా తీసుకోవడానికి ఎవరూ సాహసించలేదు.

వెదురు బొంగులకు కాస్త ఇవతల కుడివైపు ఒక సందు ఉంది. మామ షెడ్డు ఉన్న సందే. దానిలోంచి పెద్ద రోడ్డుకు దారి ఉంది. భాయ్ స్టీరింగు కుడికి విరిచాడు. కారు ముక్కు సందులో దూరింది. నడుము మూల గోడను ఆనుకుంది. తోక ఎదురింటి అరుగు మీదికి ఒరిగింది. ఇక ముందుకు పోదు. వెనక్కి పోనిస్తే పోతుంది, కాని నాయనమ్మ ఉంది. ఒకవైపు తలుపు గోడకు, రెండో తలుపు అరుగు స్తంభానికి బిగుసుకున్నాయి. లోపల నీలం లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

యాభై మందీ, వాళ్ళ ఇంటివాళ్ళూ తలా ఒక సలహా ఇచ్చారు. మామ ఏ సలహా ఇవ్వలేదు. పట్టు పంచె ఎగ్గట్టుకుని, కారుకూ గోడకూ మధ్య ఒరుసుకుంటూ సందులోకి పోయి షెడ్డు తలుపు తీశాడు. లోపల అంబాసిడర్, ఎప్పటిలాగే, ముక్కు వాకిలి వైపు పెట్టుకుని ఉంది.

జంటను దింపడానికి ఒకటే దారి. డ్రైవరు వెనక అద్దం జరిపి, ఆ కిటికీలోంచి ముందు సీట్లోకి, అక్కణ్నుంచి డ్రైవరు తలుపులోంచి బయటికి. మా మరదలు ఒడిబియ్యం జారకుండా రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ వచ్చింది. "ఫొటోలు తీసినోని ఫోను పలగ్గొడ్త," అని ముందే చెప్పింది గనక ఆ ఘట్టానికి ఆధారాలు లేవు. పెళ్ళికొడుకు బాసికం అద్దంలో ఇరుక్కుంది. నాయనమ్మను భాయ్ స్వయంగా ఎత్తి దింపాడు. ఆవిడ దారి పొడుగునా అతన్ని దీవించలేదు.

జంటా నాయనమ్మా అంబాసిడర్ ఎక్కాక మామ తాళం తిప్పాడు. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది. ఏడాదిగా నవాపూర్ ఘాటు ఎక్కిన బండి మరి.

"నూకుండ్రి!" అన్నాడు మామ.

నూకారు. ఆరడుగుల దూరం పాటించినవాళ్ళంతా ఒకే డిక్కీ మీద చేతులు వేశారు. మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు, సన్నాయి చంకన పెట్టుకుని బ్యాండువాళ్ళు, లిమోజిన్ వదిలేసి వచ్చిన భాయ్. మాస్కులు ముక్కుల మీంచి జారాయి. సందు చివర దాకా అది కదిలింది, కులికింది, ఒక్కసారి గర్జించింది. నల్లటి పొగలో యాభై మంది కేకలు పెట్టారు. ముందు బెంచీ మీద మామ పక్కన నేను, ముక్కోణపు అద్దం దగ్గర. ఆ చోటు చివరికి నాకు దక్కింది. అద్దం తిప్పితే గాలి సూటిగా మొహానికి కొట్టింది. కళ్ళలో నీళ్ళు పొగ వల్లనే వచ్చి ఉంటాయి.

ఉన్ దాకా బండి ఎక్కడా ఆగలేదు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి లిమోజిన్‌ను ఖాళీగా వెనక్కి లాగేశారు. దాని పక్క రేకు కొంత గోడకే ఉండిపోయింది. మామ అంబాసిడర్‌ను షెడ్డులోకి వెనక్కి నడిపి, ముక్కు వాకిలి వైపు పెట్టి, దిగి బానెట్ మీద చెయ్యి వేశాడు.

భాయ్ తల గోక్కుంటూ వచ్చాడు. "మాస్టర్, దీన్ని గంత పొడుగు చెయ్య. జరంతనే."

"కోయనియ్య పో," అన్నాడు మామ. "సూసినవ్ గద, ఉధ్నా అంత వచ్చి నూకింది. అల్లుడా, గట్ల నూకుతుంటే ఎవడన్న బండిని కోతకిస్తడా?"

"ఇయ్యడు మామా," అన్నాను. నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. భాయ్ కూడా తల ఊపాడు. ముగ్గురం అలా బండిని చూస్తూ నిలబడ్డాం. దాని పక్కనే నేల మీద, కొత్త మగ్గాలు బిగించడానికి సేటు మనుషులు సుద్దతో గీసిన గీతలు ముందు చక్రం కింద నుంచి పోతున్నాయి.

పొద్దున మామకు చాయ్ పంపిన ఖాళీ ఫ్లాస్కు తీసుకుపోవడానికి వచ్చిన అత్త వాకిట్లోనే ఆగి అంతా విన్నది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని అంది:

"ఇయ్యాల నూకినోళ్ళు ఎవ్వలు రేపు దీనికి జాగ ఇయ్య రారు."