చీర కట్టుకుని పాలు పితికా

ఒరేయ్ సైదులూ, వెంకటేశులూ, ఇద్దరూ వినండి. ఊళ్ళోవాళ్ళు చెప్పకముందే నేనే చెప్పేస్తున్నా. మొన్న నా పరువు పోయింది రా! గొడ్ల చావిట్లో, మీ వదిన చీరలో, ఇంత మీసం పెట్టుకుని! నవ్వబాకండి, ముందు సంగతి వినండి.

మీ వదిన పోయాక మా గేదె పని నా మీద పడింది గదా. దాని పేరు లచ్చి. ఎప్పుడూ పాలు పితికింది మీ వదినే, నేనెప్పుడు చెయ్యేశాను? ఏదో తంటాలు పడతన్నా, అదీ ఇస్తానే ఉంది. ఇంతలో మిరపకాయ కల్లానికొచ్చింది. ఆరోజు పొద్దస్తమానం పాడైన తాలుకాయలు ఏరి, ఇంటికొచ్చి చెంబు పెట్టుకుని కూర్చున్నా. ఒక్క తన్ను! చెంబు అటు, నేనిటు! అప్పట్నుంచీ నన్ను చూస్తే చాలు, చెవులు నిక్కబొడిచి బెదరటమే. దూడ కాసిని తాగుద్ది, మిగతావి బిగబట్టేస్తది. పొదుగు రాయిలా అయిపోయింది. పశువుల డాక్టరు వచ్చి, "జొరం లేదు పెద్దాయనా. పాలు తియ్యకపోతే మాత్రం పొదుగువాపు వచ్చుద్ది" అని చెప్పి బండెక్కాడు.

నాకు అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నా! ఇది మీ వదిన మీద బెంగ పెట్టుకుంది. నాకు అన్నం దిగట్లా, దీనికీ అంతే. మరి ఈ బెంగతో ఇదీ పోతే? ఈ ఇంట్లో ఇంకో చావు నేను చూళ్ళేను రా. పొద్దున్నే గేదెల బేరగాడికి ఫోన్ కొట్టా. "ఇవాళే వచ్చి తోలుకుపో" అని.

ఫోన్ పెట్టేశాక మనసు పీకింది. ఆఖరిసారి ఒక్కసారి చూద్దాం అని. దండెం మీద మీ వదిన చీర అట్టాగే ఉంది, ఆఖర్న విడిచింది. ఎవర్నీ ఉతకనివ్వలా. దాన్ని లుంగీ మీదే చుట్టుకుని, చెంగు తల మీదేసుకుని చావిట్లోకెళ్ళా. లచ్చి వాసన చూసింది. మళ్ళీ చూసింది. చెంగు నాకి, నెమరు మొదలెట్టింది! చుర్రుమని మొదటి ధార పడ్డది రా చెంబులో. నాకు కళ్ళెంట నీళ్ళు.

సరిగ్గా అప్పుడే బయట బైక్ ఆగింది.

"అమ్మా! రైతుగారున్నారా అండీ?"

బేరగాడు! వాడికి నా వీపే కనపడతంది. తిరిగితే మీసం. లేస్తే లచ్చి బెదురుద్ది. ఆ టెన్షన్‌లో బుర్ర పనిచేస్తే గదా! గొంతు సన్నగా పెట్టి, "లేరు నాయనా, పొలం ఎళ్ళారు" అన్నా.

"పర్లేదమ్మా, కూర్చుంటా."

మంచం లాక్కుని కూర్చున్నాడు రా! పైగా "కాసిని మంచినీళ్ళు ఇప్పించండమ్మా" అంట! నేను పితుకుతానే ఉన్నా. చెంబు నిండి కారిపోతంది, అయినా పితుకుతానే ఉన్నా.

ఇంతలో పక్కింటి మస్తాన్‌బీ గోడ మీద నుంచి చూసి ఒక్క కేక. "బాబాయ్! పిన్ని చీర కట్టుకున్నావేంది!"

బేరగాడు ఎగిరి లేచాడు. ఇంకేం దాస్తాం? గేదె బెంగ పెట్టుకుందమ్మా అని అంతా చెప్పా.

"బెంగా లేదు గింగా లేదు" అంది మస్తాన్‌బీ. "కల్లంలో మిరపకాయలేరి ఆ చేతుల్తోనే పట్టుకున్నావా?"

"తువాలుకి తుడుచుకున్నా గదమ్మా."

"తువాలుకా! అదే చెయ్యి నీ కంట్లో పెట్టుకో, తంతావో లేదో చూస్తా. పిన్ని అయితే నూనె రాసి, మజ్జిగతో కడిగి అప్పుడు పొదుగు ముట్టేది. నువ్వు ఒక్కసారి మంట పెట్టావ్, ఇక నీ వాసనొస్తేనే దానికి భయం. చీర వాసనకి పిన్నే అనుకుంది, పిచ్చిది."

దానికి మంట పుట్టించింది నేను, అది ఏడుస్తందని ఏడ్చిందీ నేనే!

బేరగాడు మాత్రం హుషారయ్యాడు. "అయితే జబ్బేం లేదు. తోలుకుపోతా పెద్దాయనా. ఆ చీర కూడా ఇచ్చెయ్, మా కొట్టంలో పాలివ్వాలి గదా."

"చీర ఇవ్వను."

"చీర లేకుండా తన్నే గేదెని నేనేం చేసుకోను?"

"అయితే గేదెనీ ఇవ్వను. పో."

"ఫోన్ చేసి రమ్మన్నది నువ్వే గదయ్యా!"

"రమ్మన్నాయన పొలం ఎళ్ళాడని చెప్పా గదా!"

తిట్టుకుంటా పోయాడు.

ఇప్పుడు నూనె, మజ్జిగ, సబ్బు, అన్నీ అవుతున్నయ్. అయినా చీర లేకపోతే కాలెత్తుద్ది. చీరకి పేడ అంటింది, ఉతుకుదామంటే చెయ్యాడట్లా. ఉతక్కపోయినా మీ వదిన వాసన పోతానే ఉంది. నిన్న ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే సగం నా చుట్ట కంపే. ఆ కంపుకి కూడా లచ్చి కదలకుండా నిలబడ్డది రా.

సరే, ఉంటా. పాల టైం అయింది, కట్టుకోవాలి. కుచ్చిళ్ళు ఇంకా కుదరట్లా. ఈ కాసేపూ వీడియో కాల్ మాత్రం చెయ్యబాకండి.