రాసిన నాటికి సరైన వాక్యం

ఆఫీసులో అందరూ ఆమెను "ఎందుకంటక్క" అనేవారు. ప్రోగ్రాం మధ్యలో ఆమె రాసే వివరణలన్నీ "ఎందుకంటే" అనే మొదలయ్యేవి మరి. ఆపరేటింగ్ సిస్టం లోపలి పొరలో నెట్‌వర్క్ కార్డు ఏ క్షణాన ఏ స్థితిలో ఉంటుందో, ముక్కూమొహం తెలియని ప్రోగ్రామర్లకు అర్థమయ్యేలా రాసిపెట్టడం ఆమె పని. కార్డును మనం ఆన్ చేశామా అన్నది ఒక సంగతి, తీగకు అవతల ఎవరైనా ఉన్నారా అన్నది ఇంకో సంగతి. రెండూ ఒకటేననుకొని బోర్లాపడ్డవాళ్లను ఆమె ఇరవై ఏళ్లుగా చూస్తూనే ఉంది.

ఆ వివరణ పత్రాన్ని మొదట రాసింది ఆమె భర్త. ఇంట్లో ఒకే గదిలో రెండు బల్లలు వేసుకొని ఇద్దరూ ఆ పనే చేసేవారు. ఆయన పోయి పదకొండు నెలలైంది. ఆయన కుర్చీలో ఇప్పుడు ఇస్త్రీ చేయాల్సిన బట్టలు గుట్టగా పడి ఉంటున్నాయి. తియ్యాలని రోజూ అనుకుంటుంది, రోజూ ఓపిక ఉండదు.

తొమ్మిది రోజుల కిందట ఒక ఫిర్యాదు వచ్చింది. "కార్డును ఆపే పని పూర్తయ్యేదాకా 'నడుస్తోంది' అన్న గుర్తు ఉంటుంది" అని పత్రంలో ఒక వాక్యం. ఆయన వాక్యమే. ఎవరో దాన్ని నమ్మి తమ కార్డుకు డ్రైవర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాం, రాసుకున్నారు. అసలు కోడు చూస్తే గుర్తును ముందే తీసేస్తోంది. డ్రైవర్ వచ్చి చూసి, గుర్తు లేదు కాబట్టి కార్డు ఎప్పుడో ఆగిపోయిందనుకొని చేతులు దులుపుకొని వెళ్లిపోతోంది. కార్డేమో ఆగకుండా, తనది కాకుండా పోయిన మెమరీలో డేటా కుమ్మరిస్తోంది. కాసేపటికి కంప్యూటర్ కుప్పకూలుతోంది.

దిద్దడానికి ఆమెకు అయిదు నిమిషాలు పట్టింది. దిద్దుబాటు కింద ఒక లైను రాయడమే చేతకాలేదు. ఈ తప్పు ఏ మార్పుతో వచ్చిందో, ఆ మార్పు నంబరు, అది చేసినవాళ్ల పేరు వేయాలని అక్కడి కట్టుబాటు. వేస్తే ఎప్పటికీ చెరగదు. చనిపోయిన మనిషి పేరు పక్కన తప్పు అని తన చేత్తో రాయాలి.

మధ్యాహ్నం భూతద్దం ఫోన్ చేశాడు. దిద్దుబాట్లను తనిఖీ చేసే కుర్రాడు. కామా పోయినా పట్టుకుంటాడని ఆ పేరు.

"అక్కా, ఒక్క వాక్యం మీద తొమ్మిది రోజులు కూర్చున్నారు. పొదుగుతున్నారా ఏంటి?"

"వాక్యం ఎప్పుడో మార్చేశాను. కింద లైనే మిగిలింది."

"అది లేకుండా తీసుకోలేను కదా. నన్ను రాసేయమంటారా?"

"నా చేతులేం పడిపోలేదులే."

ఫోన్ పెట్టేసి అలాగే కూర్చుంది. అత్తగారు టీ తెచ్చి బల్ల మీద పెట్టి, గుమ్మానికి ఆనుకొని నిలబడింది.

"ఏం రాయాలే అంత కష్టంగా?"

"ఈ తప్పు మీ అబ్బాయి చేశాడని, అత్తయ్యా."

"చేశాడా?"

"ఆ వాక్యం ఆయనదే."

"నేనడిగింది అది కాదు. చిన్నప్పుడు ఇంట్లో గ్లాసు పగిలితే ముందు వాడికే రెండు తగిలించేదాన్ని. సగంసార్లు పగలగొట్టింది పిల్లి. వాడు నోరు విప్పేవాడు కాదు."

ఆమె టీ ముట్టుకోలేదు. పనిలో చేరినవాళ్లకు మొదటిరోజే తను చెప్పే మాట ఒకటుంది: లైను రాసిందెవరని కాదు, పక్కనున్న కోడును ఆఖరున కదిపిందెవరో చూడండి అని. ఆ పని తనే చేయలేదు. పాత మార్పుల చిట్టా తెరిస్తే ఆయన పేరూ, తేదీలూ కనిపిస్తాయని భయపడింది.

తెరిచింది. ఆయన ఆ వాక్యం రాసిన రోజున కోడు సరిగ్గా అలాగే ఉంది. ముందు ఆపడం, తర్వాత గుర్తు తీయడం. మూడేళ్ల తర్వాత ఎవరో ఆ రెండు లైన్లనూ ముందువెనకలు చేశారు. దాని కింద పెద్ద వివరణ, "ఎందుకంటే" అని మొదలై.

కోడు మార్చింది తనే. పత్రం ముట్టుకోలేదు. వివరణ చివర ఆయన సంతకం కూడా ఉంది: చూశాను, సరిగ్గానే ఉంది. ఆరడుగుల దూరంలో కూర్చొని చూసి ఉంటాడు. ఆ పూట ఏమైనా అడిగాడేమో, తనేమైనా చెప్పిందేమో. ఎంత తవ్వినా ఒక్క మాటా గుర్తు రాలేదు.

కింద లైనులో తన మార్పు నంబరు, తన పేరు వేసింది. పైన ఇంకో ముక్క చేర్చి పంపింది. పావుగంటలో భూతద్దం నుంచి జవాబు: "తీసుకున్నాను అక్కా."

టీ గ్లాసు కోసం అత్తగారు మళ్లీ వచ్చింది. టీ మీద మీగడ కట్టింది.

"వాడి వాక్యం తీసేశావా?"

"తీసేశాను అత్తయ్యా. తప్పు నాదే. రాసిన నాటికి ఆ వాక్యం సరైనదేనని కూడా రాశాను."

ఆవిడ ఆ తెర వంక కాసేపు చూసింది. ఒక్క అక్షరం తెలియదు.

"లేచి మొహం కడుక్కో," అంది. "ఇది మళ్లీ వేడి చేస్తాను."