పెద్దింటి పేరు నిలిపిన గుర్రం

మా మేనమామకు బంగారుపాళ్యం దగ్గర మామిడితోట ఉంది. తోట ఉన్నవాడు తోట చూసుకోవచ్చు కదా! పెండ్లి ఊరేగింపులకు బాడుగకిస్తానని ఒక తెల్లగుర్రాన్ని కొన్నాడు. దాన్ని మేపేది, కడిగేది, దువ్వేది మాత్రం మా అత్త. కన్న కొడుకులు పిలిచినా పలకరు గాని, గుర్రం పిలవకముందే వస్తుందని ఆమెకు దానిమీద ప్రాణం.

మొదటి బేరంలోనే మామ పరువు పోయింది. పెండ్లికొడుకు తండ్రి వచ్చి, గుర్రం చుట్టూ తిరిగి చూసి, "ఆడగుర్రమా? మావోడు దీన్ని ఎక్కేదాప్పా?" అని ఎగతాళి చేసి వెళ్లిపోయాడు. మామ వెంటనే బ్రోకరుకు ఫోన్ చేసి, గుర్రాన్ని అమ్మేస్తానని, సాయంత్రం వచ్చి తోలుకుపొమ్మన్నాడు. అత్త ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది.

"సదువుకున్నదానివి, వచ్చి మీ మామకు బుద్ధి చెప్పు పాపా!"

నేను తిరుపతిలో స్పానిష్ పాఠాలు చెప్పుకునే మనిషిని. స్పానిష్‌లో గుర్రానికున్న పేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పి మామను ఒప్పిద్దామనుకుంటూ బస్సెక్కాను. ఇంతకన్నా తెలివితక్కువ ఉపాయం ఇంకొకటి ఉంటుందా?

మామ వసారాలో ముఖం గంటు పెట్టుకొని కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను.

"మామా, పూర్వం రోములో దొరల గుర్రం పేరు ఎక్వుస్. మూటలు మోసే బక్కగుర్రం కబాల్లుస్. రానురాను దొరల మాట మూలబడింది, కూలిగుర్రం మాటే నిలిచింది. దాన్నించే స్పెయిన్లో కబాయో, ఫ్రాన్సులో షెవాల్, ఇటలీలో కవాల్లో. రాజు ఎక్కినా అదే పేరు!"

"అంటే మనది మూటలు మోసేదంటావా?" మామ భగ్గుమన్నాడు. "అందరూ కలిసి నా పరువు తీస్తాండారే!"

అత్త నన్ను కొరకొరా చూసింది. గబగబా మిగతాదీ కక్కేశాను.

"ఆగు మామా! అది మగగుర్రం సంగతి. స్పెయిన్లో ఆడగుర్రం యెగ్వా. ఆ మాట పాత దొరల మాట ఎక్వుస్‌కు ఆడరూపం ఎక్వా నుంచే వచ్చింది."

అత్త కొంగు నడుముకు దోపుకొని ముందుకొచ్చింది. "అంటే మగవన్నీ కూలిపేరు తగిలించుకుంటే, పెద్దింటి పేరు నిలిపింది ఆడదా?"

"ఆడదే అత్తా."

"ఇన్నావా? ఈడ పెండ్లయితానే మా ఇంటిపేరు మార్చేస్తిరి. రోమోళ్లే పోయినా దాని పేరు పోలేదంట!"

"నాకు ముందే ఎవరు చెప్పినారు?" అని మామ గొణిగాడు.

అంతలో బ్రోకరు వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. గుర్రం అక్కడే కట్టేసి ఉంది. మామ లేచి అటు నడిచాడు. అత్త ముఖం పాలిపోయింది. బ్రోకరు దిగి, తాడు విప్పబోయాడు.

మామ ఆ తాడు లాక్కున్నాడు. "పోయిరాప్పా, ఇచ్చేది లేదు. పెద్దింటి బిడ్డను ఎవుడన్నా అమ్ముకుంటాడా?"

అత్త ఒక్క ఉరుకున మామ దగ్గరికి పోయి, బ్రోకరు చూస్తున్నాడని ఆగి, గుర్రాన్ని వాటేసుకుంది.